అర తులం కాగితం

మాది ఆనందపురం.

అసలు మాటలోకి వెళ్ళే ముందు మీకో చిన్న పని చెబుతాను. చేతికందే చోట పాత కాగితం ఏదైనా ఉంటే తీసుకోండి. పిల్లల నోట్సులో మిగిలిపోయిన తెల్లపేజీ అయినా సరే. కత్తెర, కాస్త జిగురు, ఒక పుల్ల కూడా దగ్గర పెట్టుకోండి. పుల్ల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. పొద్దున దేవుడి దగ్గర వెలిగించిన అగరొత్తి ఆరిపోయాక మిగిలే వెదురుపుల్ల చాలు. నేను మాట్లాడుతుంటాను, మీరు చేతులు ఆడిస్తూ ఉండండి. నా మాటలయ్యేసరికి మీ చేతిలో ఒక పూస ఉంటుంది. పొయ్యి ముందున్నవాళ్ళు కూర మాడ్చుకోవద్దు. ఇప్పుడు విని, తీరిక చూసుకుని చేసుకోండి.

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు. అందుకని మనవాళ్ళు అంటారే, పూసగుచ్చినట్టు చెప్పడమని, అలా చెబుతాను. ఇవాళ ఆ మాట అక్షరాలా సరిపోతుంది. నేను చెప్పబోయేది కాగితం పూసల గురించి, రంగుల డిజైన్లు ప్రింటు తీసిన షీట్లతో చేసే దండల గురించి.

ఆనందపురం అనగానే ఈ చుట్టుపక్కలవాళ్ళకి గుర్తొచ్చేది పూల మార్కెట్టు. విశాఖపట్నం నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు పోయే పెద్ద రోడ్డు మీద, మా జంక్షన్లో, బాగా తెల్లారకముందే బంతిపూల బస్తాలు దిగుతాయి. బంతి, చామంతి కిలోల లెక్క. దండగా మారాక మూరల లెక్క. మా పెద్దమ్మ ఆ పూలు కట్టి పిల్లల్ని పెంచింది. అరటినార తడిపి, ఒడినిండా పూలు పోసుకుని కూర్చుందంటే చేతుల పని చేతులది, కళ్ళు మాత్రం రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళ మీద. కట్టిన దండని మోచేతి దగ్గర నుంచి నడిమివేలి కొస దాకా చాచి కొలిచేది. అదీ మూర. ఆ కొలత గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

నేను కాగితం పూసలు చుట్టడం మొదలుపెట్టిన కొత్తల్లో పెద్దమ్మ నా ఎదురుగా చతికిలబడి, ఒక పూసని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూసింది. “ఏటే గుంటా, ఇది కాయితమా? మరి వానొస్తే ఏటవుద్ది?” అంది. ఈ పనిలో నేను పాడుచేసుకున్నదీ, నేర్చుకున్నదీ అంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

పూస మనకి కొత్త కాదు. నల్లపూసలు లేకుండా పెళ్ళి ఉండదు. మా చిన్నతనంలో పూసలామె బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చేది. ఆ బుట్టలో పూసలు, పిన్నీసులు, దువ్వెనలు, సవరాలు ఉండేవి. చూరులో దాచిన రాలిన జుట్టు ఇస్తే బదులుగా పిన్నీసులు ఇచ్చేది. పూసలు అమ్ముకుని బతికే కులమే మన రెండు రాష్ట్రాల్లో ఉంది, పూసలవాళ్ళని. ఆమె బుట్టలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిన్న గాజుపూసలు మినపగింజ కంటే సన్నగా ఉండేవి. అవి ఎక్కడ తయారవుతాయో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పెద్దయ్యాక పాపానాయుడుపేట గురించి తెలిసింది. తిరుపతి దగ్గరి ఊరు. అక్కడ గాజుపూసలు చేసిన పద్ధతి రెండువేల ఏళ్ళనాటిది. కొలిమిలో కరిగిన గాజుముద్దని పొడుగాటి ఇనపగొట్టానికి పట్టించి, లోపల బోలుగా ఉండేటట్టు సన్నటి గాజుగొట్టంగా లాగేవారు. ఆ ఇనపగొట్టాన్ని లాడా అనేవారు. చల్లారిన గాజుగొట్టాన్ని చిన్నచిన్న ముక్కలు చేస్తే పూసలు. ఒకప్పుడు దక్షిణ భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా, తూర్పు ఆఫ్రికా దాకా ఓడలెక్కి వెళ్ళిన చిట్టిపూసలు ఈ పద్ధతివే. చరిత్రకారులు వాటిని ఇండో పసిఫిక్ పూసలంటారు. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు ఈ ఊరి పనివాళ్ళ పద్ధతిని చూసి, దాని గురించి లోకానికి రాసి చెప్పాడు.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ పూసకి రంధ్రం తర్వాత పొడిచింది కాదు. గొట్టం లాగినప్పుడే రంధ్రం ఉంది, దాని చుట్టూ గాజు ఉంది. కాగితం పూసా అంతే. ముందు పుల్ల, దాని చుట్టూ కాగితం. పుల్ల తీసేస్తే ఆ ఖాళీయే రంధ్రం. ముత్యానికైతే రంధ్రం వేయించాలి. దీనికి అక్కర్లేదు.

కాగితాన్ని ఇలా చుట్టడం మన దగ్గర పుట్టిన పని కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు ఆడవాళ్ళు గోడలకి అంటించగా మిగిలిన రంగుకాగితాన్ని అల్లిక సూదుల మీద చుట్టి గుమ్మాలకి తెరలు కట్టేవారని చెబుతారు. మన కాలంలో దీన్ని నిలబెట్టింది ఉగాండా ఆడవాళ్ళు. ఉత్తర ఉగాండాలో యుద్ధం నుంచి తప్పించుకుని రాజధాని కంపాలాకి వచ్చి, క్వారీల్లో రాళ్ళు కొట్టుకుని బతుకుతున్న అచోలి తల్లులు పాత పోస్టర్లు చుట్టి దండలు చేసేవారు. 2004లో బీడ్ ఫర్ లైఫ్ అనే సంస్థ మొదలై ఆ దండల్ని అమెరికాలో అమ్మిపెట్టింది. రాళ్ళు కొట్టిన చేతులతో అంత సన్నటి పని చేశారు కదా అని, ఆ పూసల్ని ఫొటోల్లో చూసినప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది.

సరే, మన కాగితం దగ్గరికి వద్దాం. కత్తిరించడానికి పాత పత్రికలు, క్యాలెండర్లు చాలవా, డిజైన్ షీట్లు ప్రింటు తీయడం దేనికి అని అడగొచ్చు. మా ఇంట్లో ఈ ప్రశ్నకి వేరే జవాబుంది. నేను మొదట పత్రికనే కత్తిరించబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. “అచ్చరాలున్న కాయితం ముక్కలు సేస్తావేటి? సదువులమ్మ తల్లి” అంది. కాలికి కాగితం తగిలితే కళ్ళకద్దుకునే ఇల్లు మాది. క్యాలెండరు చూస్తే వెంకటేశ్వరస్వామి, వెనక తిప్పితే వర్జ్యాలు, దుర్ముహూర్తాలు. శుభలేఖ మంచి దళసరి రంగుకాగితమే కానీ నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చినదాన్ని కోయడానికి ఎవరికి చేతులొస్తాయి? అది చాదస్తమని కొట్టిపారేయను. ఆ గౌరవం నాకూ ఉంది. అక్షరం లేని, దేవుడి బొమ్మ లేని కాగితం కావాలి. అలా వచ్చాం డిజైన్ షీట్ల దగ్గరికి. కంప్యూటర్లో పువ్వులో, చారలో, చుక్కలో ఉన్న షీటు తీసుకుని, జంక్షన్లో జెరాక్స్ షాపుకి వెళ్ళి, కలర్ ప్రింటు తీయించుకోవడం. అంతే.

మామూలు ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7 సెంటీమీటర్లు. కింది అంచు మీద మూల నుంచి మొదలుపెట్టి 2 సెంటీమీటర్లకొక గుర్తు పెట్టండి. పై అంచు మీద మాత్రం మొదటి గుర్తు 1 సెంటీమీటరు దగ్గర, ఆపైన 2 సెంటీమీటర్లకొకటి. ఇప్పుడు కింది గుర్తు నుంచి పై గుర్తుకి, అక్కడి నుంచి పక్క కింది గుర్తుకి స్కేలుతో గీతలు గీసుకుంటూ వెళ్ళండి. పొడుగాటి ముక్కోణాలు వస్తాయి. ఒకటి తలకిందులుగా, ఒకటి నిటారుగా, పళ్ళు కరుచుకున్నట్టు పక్కపక్కన. లెక్కపెడితే సరిగ్గా 20. రెండు చివర్లా చెరో సగం ముక్క మిగులుతుంది.

ఒక్క ముక్క తీసుకోండి. వెడల్పు కొసని పుల్ల మీద పెట్టి, గోటితో నొక్కి పట్టి, ఒక చుట్టు జిగురు లేకుండా తిప్పండి. ఆ మొదటి చుట్టుకి జిగురు తగిలితే పుల్ల ఇక ఊడిరాదు. రెండో చుట్టు నుంచి జిగురు. బొటనవేలితో సన్నటి పొరగా, మధ్యలో మాత్రమే. రెండు చేతుల బొటనవేళ్ళతో ముందుకి తోస్తూ చుట్టండి, కాగితం నడిమిగీత తప్పిపోకుండా చూసుకుంటూ. పక్కకి జారుతోందనిపిస్తే ఆగి, రెండు చుట్లు వెనక్కి విప్పి మళ్ళీ చుట్టండి. బిగువు ముఖ్యం. వదులుగా చుట్టిన పూస నొక్కితే లోపలికి పోతుంది. మరీ బిగిస్తే పుల్ల కదలదు. ఆ మధ్యస్థం వేళ్ళకే తెలియాలి, నోటితో చెప్పేది కాదు. పది పూసలయ్యాక తెలుస్తుంది. నేనిప్పుడు అగరొత్తి పుల్ల మానేసి గోతాలు కుట్టే దబ్బనం వాడుతున్నాను. ఇనుము నున్నగా ఉంటుంది, పూస ఇట్టే జారివస్తుంది.

చివర సన్నటి కొస మిగులుతుంది. దానికి చుక్క జిగురు రాసి, అదిమి పట్టి ఇరవై లెక్కపెట్టండి.

చేతిలో ఉన్నది ఇప్పుడు చూసుకోండి. ఖర్జూరం గింజంత పూస. రెండు కొసలు సన్నగా, నడుమ ఉబ్బెత్తుగా ఉంటుంది. మామూలు జెరాక్స్ కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. ముప్పై సెంటీమీటర్ల ముక్క దాదాపు 22 చుట్లు తిరిగి, నడుమ దగ్గర ఆరున్నర, జిగురుతో కలిపి ఏడు మిల్లీమీటర్ల లావు తేలుతుంది. ముక్క పొడుగయ్యేకొద్దీ పూస లావు. అడుగు వెడల్పయ్యేకొద్దీ పూస పొడుగు. ఈ రెండు మాటలు పట్టుకుంటే మీకు కావలసిన కొలతకి మీరే చేసుకోవచ్చు.

ఇక నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి.

నేను మొట్టమొదట ఎంచుకున్న షీటు కలంకారీ తీరులో ఉన్న పువ్వులది. తీగలు, మొగ్గలు, నెమళ్ళు. ప్రింటు చేతికి రాగానే కత్తిరించబుద్ధి కాలేదు, అంత బాగుంది. తీరా చుట్టాక చూస్తే నెమలి లేదు, మొగ్గ లేదు. మసకగా కలిసిపోయిన గీతలు. దాని పక్కన మా మేనకోడలు స్కెచ్‌పెన్ను అరిగిపోయిందో లేదో చూడడానికి తెల్లకాగితం ముక్క అంచుల వెంట ఎర్రగా రాసి చుట్టిన పూస పడుంది. అది మెరిసిపోతోంది. తెల్లటి ఒంటి మీద సన్నటి ఎర్ర వలయాలు, చెక్కి పెట్టినట్టు.

ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి ఒక పూసని నీళ్ళలో నానబెట్టి మళ్ళీ విప్పాను. విప్పితే అర్థమైంది. ముక్కోణాన్ని చుట్టినప్పుడు ప్రతి చుట్టూ తన కిందిదాన్ని దాదాపు మొత్తం కప్పేస్తుంది. రెండు పక్కలా బయటికి మిగిలేది చుట్టుకి సగటున అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇరవై రెండు చుట్ల అంచులు, ఆఖరి కొస, అంతే మన కంటికి కనపడేది. కొలిచి చూసుకున్నాను. ముక్క మొత్తం వైశాల్యంలో పైకి కనిపించేది పదోవంతు లోపే. తొంభై పాళ్ళ నెమళ్ళూ తీగలూ పూస కడుపులో ఉండిపోతాయి.

కాబట్టి షీటు ఎంచుకునేటప్పుడు దాని ముఖం చూసి మోసపోవద్దు. ఇంత అందంగా ఉందే అని పెద్దపెద్ద పువ్వులున్న షీటు తీసుకోవద్దు. కత్తెర ఎక్కడ నడుస్తుందో ఆ దారి చూడండి. ఆ గీతకి అటూ ఇటూ ఏ రంగుందో అదే మీ పూస.

ఇది తెలిశాక డిజైన్ అనే మాటకి నా మటుకు అర్థం మారిపోయింది. షీటుకి ఒక చివర నీలం, మరో చివర పసుపు, మధ్యలో నెమ్మదిగా ఒకదాన్లోంచి ఒకటి పుట్టేలా రంగు వేసి ప్రింటు తీయండి. అడుగు నీలంలో ఉన్న ముక్కని చుడితే, పూస రెండు కొసలూ నీలం, నడుమ పసుపు. దాని పక్కనున్న తలకిందుల ముక్కని చుడితే కొసలు పసుపు, నడుమ నీలం. ఒకే కాగితంలోంచి అటు పది, ఇటు పది, జతకి జత. దండలో ఒకటి విడిచి ఒకటి గుచ్చితే ఎంత ముచ్చటగా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. ఈ జతలు వస్తాయని నేను ముందు అనుకోలేదు. చుట్టాకే చూశాను. ఆ సాయంత్రం ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను.

ఈ వలయాలు చూస్తే మన జిల్లావాళ్ళకి ఒకటి గుర్తు రావాలి. ఏటికొప్పాక బొమ్మలు. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఊరు. అంకుడు కర్రని తరిమెన మీద గిరగిరా తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి చుట్టూ వలయంగా అంటుకుంటుంది. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల గింజల నుంచి, వేళ్ళ నుంచి, ఆకుల నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ ఆ బొమ్మలకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పసుపు, ఆ ఇటుక ఎరుపు, ఆ ముదురు ఆకుపచ్చ మన కంటికి పుట్టినప్పటి నుంచీ అలవాటైన రంగులు. అవి మా షీటులోకి ఎందుకు రాకూడదు? మేము చేసింది అదే. తెల్లకాగితం మీద పిల్లల చేత నిలువుగా రంగుపట్టీలు వేయించి, దాన్నే కలర్ జెరాక్స్ తీయించాం. వాళ్ళు సంక్రాంతి ముగ్గుల కోసం రంగులు కలిపే పిల్లలే. ఎవరికీ నేర్పక్కర్లేకపోయింది.

ఎవరో గీసిన షీటు తీసుకుంటే ఇంకో చిక్కుంది. చాలావాటికి కింద చిన్న అక్షరాల్లో సొంత వాడకానికి మాత్రమేనని రాసి ఉంటుంది. ఇంట్లో పిల్లకి చేసిపెట్టుకుంటే పేచీ లేదు. దండలు చేసి అమ్ముకుంటే అది గీసినవాళ్ళ కష్టం తీసుకున్నట్టే. మన షీటు మనం గీసుకుంటే ఆ బెంగ ఉండదు.

ఇప్పుడు వాన సంగతి.

మేనకోడలి స్కూలు వార్షికోత్సవం. డ్యాన్సులో ఉంది. మీగడరంగు పట్టు లంగా జాకెట్టు మీదకి నేనే దండ చేశాను, నీలం, గులాబీ పూసలతో. స్టేజీ లైట్ల వేడి, గంతులు, చెమట. ఇంటికొచ్చి దండ తీస్తే జాకెట్టు మెడ చుట్టూ నీలం మరక. పిల్ల మెడ కూడా నీలం. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఆ మరక ఎన్ని ఉతుకులకీ పూర్తిగా పోలేదు. తప్పు కాగితానిది కాదు, నాది. ప్రింటర్లలో రకాలున్నాయని తెలియకపోవడం నాది.

ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి రంగు నీళ్ళలో కరిగే రంగు. దానికి నీళ్ళ జిగురు తగిలినా, చెమట తగిలినా పాకుతుంది. లేజర్ ప్రింటులో ఉండేది ద్రవం కాదు, టోనరనే పొడి. వేడితో కాగితానికి కరిగి అతుక్కుంటుంది. నీళ్ళకి కదలదు. షాపులో ఏ మిషనో అడగడానికి మొహమాటపడొద్దు. అడిగినా తెలియకపోతే ప్రింటు అంచు మీద వేలు తడిచేసి రుద్ది చూడండి. వేలికి రంగొచ్చిందా, ఆ షీటు పూసలకి పనికిరాదు. ఫెవికాల్ డబ్బా మూత తీసే ముందు ఈ తడివేలి పరీక్ష చేయించకుండా నేను ఎవరినీ పనికి కూర్చోబెట్టను.

లేజర్ ప్రింటు దొరికింది కదా అని ఇంకో పొరపాటు చేశాను. మెరుపు కోసం పైన రంగులేని నెయిల్ పాలిష్ వేశాను. టోనరు నీటికి లొంగదు కానీ నెయిల్ పాలిష్‌లో ఉండే ఘాటు ద్రావకానికి లొంగుతుంది. నల్లగీతలు పక్కకి పాకాయి. ఇప్పుడు పెయింటు షాపులో దొరికే నీటితో కలిపే రంగులేని వార్నిష్ వాడుతున్నాను. పూసని పుల్ల మీదే ఉంచి, పుల్లని ఇసుక పోసిన గిన్నెలో నిలబెట్టి, చిన్న కుంచెతో ఒక పూత. మర్నాడు రెండో పూత. ఆ తర్వాత ఇంకో రోజు ముట్టుకోకుండా వదిలేయాలి. రంధ్రం రెండు మూతుల దగ్గరా కుంచె తిప్పడం మరిచిపోవద్దు. నీళ్ళు లోపలికి దూరేది అక్కడి నుంచే. వానాకాలంలో మన దగ్గర గాలిలోనే తడి ఉంటుంది. సముద్రం ఎంతో దూరం లేదు కదా. ఆ రోజుల్లో ఒక్కో పూతకీ ఇంకో రోజు కలుపుకోండి, తొందరపడితే పూసలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొక్కేలు కూడా మామూలు ఇనుపవి వద్దు. ఈ ఉప్పుగాలికి నెల తిరక్కుండా తుప్పు పడతాయి. ఉక్కు నగరం విశాఖ పక్కనే ఉన్నాం, స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కెం పెట్టుకుందాం.

ఇన్ని చేశాక పెద్దమ్మ ప్రశ్నకి నా జవాబు ఇది. నాలుగు చినుకులు పడితే ఏమీ కాదు, తుడుచుకుంటే చాలు. వేసుకుని స్నానం చేస్తే మాత్రం పోతుంది.

కాగితం గురించి ఒక మాట. రాజమండ్రిలో ఉన్న ఆంధ్రా పేపర్ మిల్లు సుబాబుల్, సరుగుడు కర్రల గుజ్జుతో కాగితం చేస్తుంది. భీమిలి వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ మనం చూసే సరుగుడు తోపులే. సముద్రపు గాలికి హోరుమనే ఆ చెట్టు ఏదో ఒక రోజు మెడలో పూస కావచ్చనుకుంటే, ఒక్క షీటు కూడా పారేయబుద్ధి కాదు. రెండు చివర్లా మిగిలిన సగం ముక్కల్ని కూడా నేను చెవి కమ్మలకి వాడతాను.

ధర సంగతి చెప్పకపోతే ఇది సగం మాటే అవుతుంది. ఇరవై పూసలు చుట్టడానికి చేయి తిరిగిన మనిషికి గంట పడుతుంది. గీతలు గీసి కత్తిరించడానికి అరగంట. పూతలకీ, గుచ్చడానికీ ఇంకో గంట. ప్రింటుకి మా దగ్గర పది రూపాయలు, మధ్యలో వేసే గాజుపూసలకీ కొక్కేనికీ దారానికీ ఇంకొంచెం. దండని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “కాగితమే కదమ్మా, ఇరవైకి ఇవ్వు” అనేవాళ్ళు సంతలో ప్రతిసారీ కనిపిస్తారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి కాగితమే కనిపిస్తోంది. కానీ నాతో కలిసి పూసలు చేసే మా సంఘం ఆడవాళ్ళతో నేను గట్టిగా చెబుతాను, రెండున్నర గంటల కూలి తగ్గించి ఒక్క దండ కూడా ఇవ్వొద్దని. పూల దండ కట్టే చేతికి కూలి ఉన్నప్పుడు దీనికెందుకుండదు? బేరం కుదరకపోతే ఆ దండని మళ్ళీ డబ్బాలో పెట్టుకోవచ్చు. సాయంత్రానికి వాడిపోయేది కాదు. పూలు అమ్మే మా పెద్దమ్మకి ఈ సుఖం ఎన్నడూ లేదు. పొద్దు వాలేకొద్దీ ధర దించుకుంటూ పోవాల్సి వచ్చేది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఆమె ఒడిలో మిగిలిపోయిన చామంతులే కళ్ళ ముందుకొస్తాయి.

మొన్న ఏటికొప్పాక రంగుల షీటుతో ఒక దండ పూర్తిచేశాను. ఒక్క షీటు, ఇరవై పూసలు. పూసకీ పూసకీ మధ్య ఒక్కో చిట్టి గాజుపూస. ఏ4 కాగితం ఒకటి, 80 జీఎస్ఎం రకం, దాదాపు 5 గ్రాములు తూగుతుంది. పది గ్రాముల తులం లెక్కన అర తులం. తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఇప్పుడామె పూలు కట్టడం లేదు, కళ్ళు సరిగా ఆనవు. రంగులు చూడడానికి గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకుంది. తర్వాత అలవాటుగా ఒక కొసని మోచేతి దగ్గర పెట్టి, దండని నడిమివేలి దాకా చాచింది. దాదాపు వేలి కొసకి వచ్చి ఆగింది.

“మూరకి బెత్తెడు కూడా తక్కువ లేదే,” అంది. “మూరెంతకిస్తన్నావు?”

మీ చేతిలో ఉన్న పూసని పుల్ల మీద నుంచి ఇప్పుడే తీయకండి. గిన్నెలో కాస్త ఇసుకో, బియ్యమో పోసి అందులో నిలబెట్టండి. రేపు ఈ వేళకి ఆరుతుంది.